నెబుతా: యుద్ధ విజయమా, నిద్ర మత్తు వదిలించుకోవడమా?

ఏటా ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే ఒక వీడియో మన ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. చీకటి పడిన రోడ్డు మీద ఓ భారీ వీరుడు, గుడ్లురుముతూ, పళ్లు కొరుకుతూ, ఒళ్లంతా లోపలి నుంచి వెలిగిపోతూ, సరిగ్గా మన మీదికే దూకుతున్నట్టు వస్తాడు. వెనక డోళ్లు, ముందు ఒంటికాలి మీద ఎగురుతున్న జనం. పంపేవాళ్లు తలో మాట చేర్చి పంపుతారు. జపాన్ దీపావళి అని ఒకరు, వెయ్యేళ్ల కిందటి యుద్ధ విజయోత్సవం అని ఇంకొకరు, దేవుడి ఊరేగింపు అని మరొకరు, యునెస్కో గుర్తించిన పండగ అని ఇంకెవరో.

ఈ నాలుగింటిలో మూడు తప్పు. యుద్ధం మాట మాత్రం పూర్తిగా తప్పూ కాదు, నిజమూ కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు పేర్లు తేల్చుకుందాం

జపాన్ ప్రధాన ద్వీపం హొన్షు. దాని ఉత్తరపు కొసన ఉన్న ఓడరేవు పట్నం అవోమోరి. అక్కడ ఆగస్టు 2 నుంచి 7 వరకు జరిగేది నెబుతా మత్సురి. మత్సురి అంటే పండగ. నెబుతా అన్న మాట పండగకీ వాడతారు, ఊరేగే దీపాల బొమ్మకీ వాడతారు. ఆ బొమ్మను తెలుగులో ఏమనాలో నాకు కాస్త ఇబ్బందే. రథం అంటే లోపల దేవుడు ఉండాలి, శకటం అంటే రిపబ్లిక్ డే పరేడ్ గుర్తొస్తుంది. కోటప్పకొండ తిరునాళ్లకు కట్టే ప్రభ అన్న మాటే కొంచెం దగ్గర, కాకపోతే ప్రభ నిటారుగా పైకి లేస్తుంది, అవోమోరి నెబుతా అడ్డంగా విస్తరిస్తుంది. అందుకని నెబుతా అనే అందాం.

బొమ్మ చేసే కళాకారుణ్ని నెబుతా-షి అంటారు. ముందు ఎగిరేవాళ్లు హనెతో, ఎగరడం అనే క్రియలోంచి వచ్చిన మాట. డోలు, పిల్లనగ్రోవి, చేతి తాళాలు కలిసిన వాద్య బృందం హయాషి.

దేవుడి ఊరేగింపు ఎందుకు కాదంటే, నెబుతా ఏ ఒక్క గుడికీ చెందినది కాదు. క్యోటోలో జరిగే గియోన్ పండగకు యసాకా మందిరం ఉంది. నెబుతాకు అలాంటిదేమీ లేదు, బొమ్మలో ఏ దేవుణ్నీ ఆవాహన చేయరు. యునెస్కో సంగతి ఇంకా సులువు. 2016లో జపాన్ నుంచి 33 ఊరేగింపు పండగలను కలిపి యునెస్కో జాబితాలో చేర్చారు, వాటిలో అదే అవోమోరి రాష్ట్రంలోని హచినోహె పండగ ఉంది, నెబుతా లేదు. ఒకే రాష్ట్రం కాబట్టి జనం కలిపేస్తున్నారు. నెబుతాకు ఉన్నది జపాన్ ప్రభుత్వ గుర్తింపు. 1980లో అవోమోరి నెబుతాను, అదే రాష్ట్రంలోని హిరోసాకి అనే ఊరి నెపుతాను ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా ప్రకటించారు. బుతా ఒకటి, పుతా ఇంకొకటి, అచ్చుతప్పు కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వీరుడు ఎందుకు వంగి ఉంటాడు

ఎన్ని నెబుతాలు చూసినా ఒక్కటీ తిన్నగా నిలబడి ఉండదు. కత్తి దూస్తూ పక్కకు ఒరిగినవాడు, పాముతో పెనుగులాడుతూ మోకాలి మీద ఉన్నవాడు, గాల్లో అడ్డంగా దూకుతున్నవాడు. ఇది శైలి అనుకుంటాం, నిజానికి సగం లెక్క.

పెద్ద నెబుతాకు హద్దులు ఇవి: వెడల్పు 9 మీటర్లు, లోతు 7 మీటర్లు, ఎత్తు 5 మీటర్లు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ 5 మీటర్లలో కింద బండికే సుమారు 2 పోతాయి. బొమ్మకు మిగిలేది 3 మీటర్ల ఎత్తు, 9 మీటర్ల వెడల్పు. ఇప్పుడు ఆ చోటులో ఒక వీరుణ్ని నిలబెట్టండి. నిటారుగా పెడితే మధ్యలో చిన్న మనిషి, అటూ ఇటూ మూడేసి మీటర్ల ఖాళీ. తల పెద్దది చేస్తే ఒళ్లు పట్టదు. చేయగలిగింది ఒక్కటే, మనిషిని వంచాలి, చేతులు బార్లా చాపించాలి, పక్కన ఒక శత్రువునో డ్రాగన్‌నో పెట్టి ఇద్దర్నీ పెనవేయాలి. ఎత్తు మీద ఆ హద్దు ఎందుకంటే, ఊరేగింపు వెళ్లేది మామూలు నగర వీధుల్లో. పైన కరెంటు తీగలు, సిగ్నళ్లు, పాదచారుల వంతెనలు ఉంటాయి. మనం చూసి నోరెళ్లబెట్టే ఆ ఉగ్రరూపంలో కొంత వాటా విద్యుత్ శాఖది.

గోషోగవారా అనే ఊరు ఈ లెక్కకు సరిగ్గా ఎదురు ఉదాహరణ. అక్కడ ఒకప్పుడు ధనిక వర్తకులు, భూస్వాములు పోటీలు పడి ఇరవై మీటర్లకు పైగా నిలువు బొమ్మలు కట్టించేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఊళ్లోకి తీగలు వచ్చాయి, బొమ్మలు పొట్టివైపోయాయి, అసలు అంత ఎత్తున ఉండేవన్న మాటే మరుగున పడింది. 1993లో పాత నమూనా చిత్రం బయటపడితే, 1996లో స్థానికులు పూనుకుని మళ్లీ ఒకటి కట్టారు. ఊరేగింపు దారిలో తీగల అడ్డు తీయించి 1998 నుంచి పండగగా నడుపుతున్నారు. ఇప్పుడు అక్కడి తాచి-నెపుతాలు, అంటే నిలువు నెపుతాలు, 23 మీటర్ల దాకా, 19 టన్నుల దాకా ఉంటాయి, ఏడంతస్తుల మేడ నడిచొస్తున్నట్టు. వాటిని దాచే మ్యూజియం గోడే తలుపులా తెరుచుకుంటుంది, అందులోంచి బయటికి వస్తాయి. అక్కడి వీరులు తిన్నగా నిలబడతారు. చోటుంది మరి.

కాగితం, సిరా, మైనం

ఒకప్పుడు వెదురు చట్రం, లోపల కొవ్వొత్తులు. ఇప్పుడు కర్ర, ఇనప తీగ, బల్బులు. పని చలికాలంలోనే మొదలవుతుంది. నెబుతా-షి ముందు రంగుల బొమ్మ గీస్తాడు. ముఖాలు, చేతులు, కాళ్లు ఇంటి పట్టునే తీగతో అల్లిపెట్టుకుంటాడు. మే నెల వచ్చాక సముద్రం దగ్గర వరుసగా వేసిన పెద్ద గుడారాల్లో ముక్కలన్నీ చేరతాయి. తీగ చట్రం లోపల వందల బల్బులు అమర్చి, దాని మీద వాషి, అంటే జపాన్ చేతికాగితం, ఒక్కో గడికి సరిపడా కత్తిరించి అతికిస్తారు. అప్పటికి బొమ్మ తెల్లగా, కళ్లు లేకుండా, ఎముకల గూడులా ఉంటుంది.

తర్వాత నల్ల సిరాతో గీతలు. వెలుగు దాటని చోటు నలుపు, కాబట్టి ఆ గీతలే రాత్రి ముఖానికి కోపం తెప్పిస్తాయి. ఆ తర్వాతది చాలామందికి తెలియని మెట్టు: కరిగించిన మైనంతో కొన్ని చోట్ల పూత పూస్తారు. మైనం పీల్చిన కాగితం నూనె అంటిన కాగితంలా పారదర్శకంగా మారి అక్కడ వెలుగు ఎక్కువ వస్తుంది, పైగా పక్కపక్కన వేసే రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకకుండా మైనం గట్టులా అడ్డుకుంటుంది. చేపల పొలుసుల మీద, కవచం అంచుల మీద మెరుపు గీతలు కనిపిస్తే అవి తెల్లరంగు కాదు, మైనం. చివర్లో రంగులు.

బల్బుల దగ్గర ఈ మధ్య ఓ చిన్న తగువు నడుస్తోంది. ఎల్ఈడీలు వచ్చాక వేడి తగ్గింది, బండి కింద ఉండే జనరేటర్ మీద భారం తగ్గింది, తెల్లటి వెలుగులో నీలం, ఆకుపచ్చ బాగా పలుకుతున్నాయి. కానీ పాత బల్బు పచ్చటి వెలుగు కాగితానికి ఇచ్చే ఆ కొవ్వొత్తి ఛాయ పోయిందని బెంగపడేవాళ్లూ ఉన్నారు. కొందరు రెండూ కలిపి వాడతారు, ముఖంలో ఒకటి, నీళ్లలో అలల్లో ఇంకొకటి.

ఇంతా చేసి బండి ఎక్కించాక బరువు సుమారు 4 టన్నులు. దాన్ని లాగేది మనుషులే. ముందు ఒకడు విసనకర్ర పట్టుకుని, విజిల్ ఊదుతూ వెనక్కి నడుస్తుంటాడు, లాగేవాళ్లకు అతని చెయ్యే స్టీరింగ్. అతను విసనకర్ర కిందికి దించితే బొమ్మ జనం వైపు వంగి దండం పెట్టినట్టు ముందుకు ఒరుగుతుంది, గుండ్రంగా తిప్పితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. వీడియోలో వీరుడు మన మీదికి దూకినట్టు కనిపించేది ఆ క్షణమే. వాన పడితే మాత్రం మొత్తానికీ ప్లాస్టిక్ షీటు కప్పేస్తారు. రెయిన్‌కోటు తొడుక్కున్న రౌద్రం చూడాలంటే అదృష్టం ఉండాలి.

డోలు, "రస్సెరా"

ప్రతి నెబుతాకు వెనక సొంత హయాషి ఉంటుంది. పెద్ద పెద్ద డోళ్లను బండి మీద వరుసగా కట్టి, పొడవాటి సన్నటి కర్రలతో వాయిస్తారు. గుడారంలోంచి బయటికొచ్చేటప్పుడు, నడిచేటప్పుడు, తిరిగి వెళ్లేటప్పుడు దరువులు వేరు. పండగ తెలిసినవాళ్లు కళ్లు మూసుకుని కూడా బొమ్మ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలరు.

హనెతోలు ఒక కాలి మీద రెండు గెంతులు, ఇంకో కాలి మీద రెండు గెంతులు, ఇంతే అడుగు. చెప్పడానికి తేలిక, మూడు కిలోమీటర్ల దారిలో చేసి చూస్తే తెలుస్తుంది పిక్కల సంగతి. నోటితో "రస్సెరా, రస్సెరా" అని కేక. దీనికి అర్థం వెతికితే వీరగాథ ఏమీ దొరకదు. ఎక్కువమంది చెప్పే వివరణ ప్రకారం ఇది "ఇవ్వండి, బయటికి తీయండి" అన్న మాట అరిగి అరిగి మిగిలిన రూపం. దీపాలు పట్టుకుని తిరిగే పిల్లలు ఇంటింటి ముందు నిలబడి కొవ్వొత్తులు అడుక్కునే కేక అది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి, హనెతో దుస్తులు వేసుకుంటే చాలు, ఊరివాళ్లయినా పరదేశీయులైనా ఎవరైనా గుంపులో కలిసిపోవచ్చు. పూల టోపీ, యుకాతా అనే నూలు అంగీ, నడుముకు గుడ్డ, ఒంటి నిండా చిరుగంటలు. ఎగురుతుంటే గంటలు రాలిపడతాయి, అవి ఏరుకుంటే అదృష్టం అంటారు.

యుద్ధమా, నిద్రా?

ఇప్పుడు అసలు తగువు. మూడు కథలు ఉన్నాయి.

మొదటిది సేనాని సకనోఉఎ నో తమురమారోది. క్యోటో రాజాస్థానం ఈశాన్య జపాన్‌లోని ఎమిషి ప్రజలను లొంగదీయడానికి 797లో ఇతన్ని మహా సేనాపతిగా నియమించింది. కొండల్లో దాక్కున్న శత్రువులను పెద్ద దీపపు బొమ్మలతో, డోళ్లతో, పిల్లనగ్రోవులతో ఆశపెట్టి బయటికి రప్పించి పట్టుకున్నాడని, నెబుతా అలా పుట్టిందని కథ. వినడానికి సినిమాలా ఉంటుంది. చిక్కేమిటంటే ఇతను కోటలు కట్టింది అవోమోరికి దక్షిణాన ఉన్న నేటి ఇవాతె ప్రాంతంలో, ఇప్పటి అవోమోరి దాకా వచ్చినట్టు రికార్డు లేదు.

రెండోది హిరోసాకి వైపు చెప్పుకునేది. త్సుగారు ప్రభువు తమెనోబు 1593లో క్యోటోలో ఉన్నప్పుడు అక్కడి వేడుక కోసం పెద్ద దీపం చేయించాడని, అదే మూలమని. కాస్త నమ్మదగ్గట్టు ఉంటుంది, అయినా ఇదీ తర్వాతి కాలం వాళ్లు చెప్పుకున్న కథే.

మూడోది పరిశోధకుల్లో ఎక్కువమంది ఒప్పుకునేది, దీంట్లో వీరుడెవడూ లేడు. ఎండాకాలం, పొలం పనులు ముమ్మరం, మధ్యాహ్నం కాగానే ఒళ్లు బరువెక్కి కళ్లు మూతలు పడతాయి. పని చెడగొట్టే ఆ మత్తును ఒక దయ్యంలా భావించి ఏటిలో వదిలేసే ఆచారం ఉండేది. పేరు నెమురి నగాషి, అంటే నిద్రను నీళ్లలో వదలడం. ఏడో నెల ఏడో రోజున నెము చెట్టు ఆకులతో, చిక్కుడు జాతి ఆకులతో కళ్లు తుడుచుకుని వాటిని నీళ్లలో వదిలేవారు, దీపాలు కూడా. నెము చెట్టు అంటే నిద్ర చెట్టు, సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటుంది. మన నిద్రగన్నేరుకు దగ్గరి చుట్టమే, పేరు కూడా ఇద్దరం ఒకే కారణానికి పెట్టుకున్నాం. "నిద్రా పో కొట్టుకుపో, చిక్కుడాకా నిలిచిపో" అన్నట్టు ఒక పాత పాట పల్లవి. అక్కడ చిక్కుడు అనే మాటకు చురుకుదనం అన్న అర్థం కూడా ఉంది కాబట్టి శ్లేష.

నిద్ర ముంచుకొస్తోంది అనడానికి అక్కడి మాట నెబుతై, లేదా నెపుతై. నెబుతా, నెపుతా అన్నవి ఆ ఒక్క మాటకే రెండు ఊళ్ల పలుకుబడులు. 1722 నాటి హిరోసాకి సంస్థానపు దినచర్య పుస్తకంలో ప్రభువు నెముతా, అంటే నెబుతానే, చూశాడని రాసుంది. పక్క రాష్ట్రం అకితాలో 12 మీటర్ల వెదురు గెడకు 46 దీపాలు కట్టి, 50 కిలోల బరువును నుదుటి మీద, నడుం మీద నిలబెట్టే కాంతో పండగ ఉంది, దాని మూలం కూడా నెమురి నగాషియే. ఇంకో సాక్ష్యం నాకు చాలా ఇష్టం. 18వ శతాబ్దం చివర్లో గీసిన బొమ్మల్లో నెబుతా దీపాలు కనిపిస్తాయి, అవి గెడలకు కట్టిన పెట్టెలు, వీరుడూ లేడు కత్తీ లేదు. ఆ పెట్టెల మీద రాసినవి "ఏడో నాటి పండగ" లాంటి మాటలు, ఒకదాని మీద "రాళ్లు విసరొద్దు" అని కూడా ఉంది. అప్పట్లో ఈ వీధి దీపాల గుంపు ఆ వీధి గుంపును కొట్టుకోవడం మామూలే.

అయితే నిద్ర సిద్ధాంతం కూడా అన్నిటికీ జవాబు కాదు. నిద్రను నీళ్లలో వదలడానికి 9 మీటర్ల రాక్షసుడెందుకు? ఆ రూపం కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకాల నుంచి, ముద్రణ చిత్రాల నుంచి తర్వాత వచ్చి చేరింది. అంటే ఆచారం ఒకచోట నుంచి, వేషం ఇంకోచోట నుంచి. యుద్ధ కథ ఆ వేషానికి అతికినట్టు సరిపోయింది. 1873లో కొత్త ప్రభుత్వం దీన్ని అనాగరికమని నిషేధించింది, 1882లో మళ్లీ ఒప్పుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగిపోయిన పండగను 1944లో జనంలో యుద్ధోత్సాహం నింపడానికి బయటికి తీశారు. మరుసటి ఏడాది జులైలో అవోమోరి బాంబుల్లో తగలబడిపోయింది.

బహుమతి పేరు మారింది

1962 నుంచి అవోమోరిలో అన్నిటికంటే మంచి నెబుతాకు ఇచ్చే బహుమతి పేరు తమురమారో అవార్డు. పండగ పుట్టించినవాడి పేరు పెట్టాం అనుకున్నారు. కానీ కథ ఇంకోవైపు నుంచి చదవండి. ఎమిషి నాయకుడు అతెరుయి 802లో తమురమారోకు లొంగిపోయాడు. వదిలేయమని సేనాపతే అడిగినా రాజధాని వినలేదు, అతన్ని చంపేశారు. ఈశాన్యం వాళ్లకు ఎమిషిలు తమ నేల మీది పాతకాపులు. మనల్ని ఓడించినవాడి పేరు మీద మన బహుమతా అన్న ప్రశ్న గట్టిగా వచ్చింది, 1995 నుంచి దాని పేరు నెబుతా మహా బహుమతి అయింది.

పేరు మార్చడం ఎక్కువ చేయడమే అనేవాళ్ల వాదన కూడా ఉంది. అది ఎలాగూ కట్టుకథ, కట్టుకథకు ఇంత గాయపడాలా, ముప్పై ఏళ్లకు పైగా అలవాటైన పేరు కదా అని. రెండో వైపు వాదన, కట్టుకథ అయినప్పుడు వదిలేయడానికి ఇబ్బందేంటి అని. రెండూ వినదగ్గవే. తమాషా ఏమిటంటే తమురమారో బొమ్మగా మాత్రం ఎక్కడికీ పోలేదు, అతెరుయి కూడా బొమ్మై ఎక్కుతాడు.

బొమ్మల్లో మనకు తెలిసినవాళ్లూ ఉంటారు, గుర్తుపట్టం అంతే. తైషకుతెన్ అంటే ఇంద్రుడు, బిషమొన్‌తెన్ అంటే వైశ్రవణుడు, అషురా అంటే అసురుడే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా నడిచి వెళ్లి అక్కడ కవచాలు తొడుక్కున్నారు.

ఒకే నిద్ర, వేరు వేరు ఊళ్లు

హిరోసాకి నెపుతాలు విసనకర్ర ఆకారంలో ఉంటాయి. ముందు వైపు యుద్ధ దృశ్యం, వెనక వైపు తరచుగా ఓ అందగత్తె. దరువు నెమ్మది, కేక "యా-యాదో". గోషోగవారాలో "యత్తెమారె", అంటే పడగొట్టెయ్. హిరోసాకిది యుద్ధానికి వెళ్లే నడక, అవోమోరిది గెలిచి తిరిగొచ్చే నడక అని అక్కడో వాడుక మాట. చరిత్ర కాదుగానీ, రెండు దరువులు ఒకదాని తర్వాత ఒకటి వింటే అబద్ధమూ అనిపించదు.

ఎవరి పండగ, ఎవరి డబ్బు

ఒక పెద్ద నెబుతా కట్టి ఊరేగించడానికి సుమారు 2 కోట్ల యెన్ అవుతుందంటారు. అందుకే ఊరేగే 20కి పైగా నెబుతాల్లో చాలావాటి కింద హిటాచీ, పానాసోనిక్ లాంటి కంపెనీల పేర్లు వెలుగుతుంటాయి. ఇది ప్రకటనల పండగ అయిపోయిందని కొందరికి కినుక. కానీ ఆ డబ్బు లేకపోతే నెబుతా-షి అనే వృత్తే నిలవడం కష్టం. కితమురా అసాకో 2012లో తొలి మహిళా నెబుతా-షిగా రంగంలోకి దిగి, 2017లో మహా బహుమతి గెలిచింది. అలాంటివాళ్లు ఏడాదంతా ఇదే పని మీద ఉండాలంటే జీతం ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి.

జనం లెక్క చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త. 2019లో ఆరు రోజులకు 28 లక్షలకు పైగా వచ్చారని ప్రకటించారు. అంటే రోజుకు సగటున నాలుగున్నర లక్షలకు పైనే, ఊరి జనాభాయేమో మూడు లక్షల లోపు. ఇవి తలల లెక్కలు కావు, రాకల లెక్కలు. మూడు రాత్రులు వచ్చిన మనిషి ముగ్గురవుతాడు.

ఎవరైనా ఎగరొచ్చు అన్న వెసులుబాటుకు ఇంకో ముఖం కూడా ఉంది. 1990ల చివర్లో నల్లబట్టలు వేసుకున్న కుర్రకారు గుంపులు, వీళ్లకు కాకి హనెతోలని పేరు, ఊరేగింపులోకి చొరబడి గొడవలు చేసేవి. 2001లో నిబంధనలు బిగించాక తగ్గాయి. కోవిడ్‌కు 2020, 2021 రెండేళ్లూ పండగే లేదు. 2022లో తిరిగి మొదలైనప్పుడు హనెతోలు ముందే పేరు నమోదు చేసుకోవాల్సి వచ్చింది. అదే ఏడు ఒక్కో బల్లకు 10 లక్షల యెన్ పెట్టి కూర్చునే ప్రత్యేక సీట్లు కూడా వచ్చాయి. పిల్లలు కొవ్వొత్తులు అడుక్కున్న పండగకు ఇదేం రేటు అని ఒకరంటే, రోడ్డు పక్కన నిలబడి చూడటం ఇప్పటికీ ఉచితమే కదా, ఆ డబ్బుతోనే కాపలా, చెత్త, విద్యుత్ నడుస్తాయని ఇంకొకరు.

ఆగస్టు 7న ఊరేగింపు పగలే ముగుస్తుంది. ఎండలో నెబుతా వట్టి రంగు కాగితంలా ఉంటుంది, లోపలి తీగలు కూడా కనిపిస్తాయి. చీకటి పడ్డాక బహుమతులు గెలిచిన వాటిని పడవలెక్కించి అవోమోరి అఖాతంలోకి తీసుకెళ్తారు, పైన బాణసంచా. నిద్రను నీళ్లలో వదిలిన పాత ఆచారంలో మిగిలిన ముక్క అదే, కాకపోతే ఇప్పుడు నీళ్లలో వదలరు, పడవ ఒడ్డుకు తిరిగొస్తుంది. కొన్ని మ్యూజియానికి వెళ్తాయి. మిగతా వాటిని కొద్ది రోజుల్లోనే విప్పేస్తారు. కాగితం చించి, తీగలు కోసి, బల్బులు ఊడదీసి పెట్టెల్లో సర్దుతారు, వచ్చే ఏడాదికి పనికొచ్చేవి బల్బులే.